వేడెక్కని ఇంజిన్, వేంగి తర్కం

కారు ఇంజిన్ చల్లగా నడుస్తోందంటే చెయ్యి పెడితే చల్లగా తగులుతుందని అర్థం కాదు. అరవై డిగ్రీల లోహం మీద అరచెయ్యి నిలవదు. అయినా మెకానిక్కు లెక్కలో అది చల్లని ఇంజినే. పెట్రోలు కారుకైనా డీజిలు బండికైనా కూలెంట్ వేడి సుమారు 85 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే సందు, ఆయిల్ పలచదనం, ఇంధనం ఆవిరయ్యే తీరు అన్నీ ఆ వేడిని దృష్టిలో పెట్టుకుని కుదిర్చినవే. ఆ మెట్టు ఎక్కని ఇంజిన్ కూడా స్టార్టవుతుంది, బరువు లాగుతుంది, ఊరు చేరుస్తుంది. కాకపోతే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. దహనంలో పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లో కలిసి, బయటికి పోయేంత వేడి చాలక, ఆయిల్ మూత లోపల తెల్లటి జిగురుగా పేరుకుంటుంది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి. ఇంజిన్ ఆయుష్షూ తగ్గుతుంది గానీ ఆ తగ్గుదల ఏళ్లు గడిస్తే తప్ప కంటికి ఆనదు.

ఈ లోపాన్ని పట్టుకోవడంలో ఉన్న చిక్కు యంత్రశాస్త్రంతో తీరేది కాదు. విరిగిన స్ప్రింగు కనిపిస్తుంది, కారిన ఆయిల్ కనిపిస్తుంది. ఇక్కడ తెలుసుకోవలసింది ఉండవలసినంత వేడి లేకపోవడం. లేకపోవడం అనేది ఎలా తెలుస్తుంది, ఏ ప్రమాణంతో, అంటే ఏ జ్ఞానసాధనంతో, తెలుస్తుంది అన్న ప్రశ్న మీద నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు వందల ఏళ్లు వాదించుకున్నారు. ఆ వాదానికి తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్య, అంటే తర్కం, మీద గ్రంథం రాసింది వేంగికి దగ్గర్లో ఒక ఒంటరి కొండ మీదనని ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ రాసిపెట్టాడు. ఆ వేంగి ఇప్పటి పెదవేగి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో పెదవేగీ ఉంది, మామిడి తోటల నూజివీడూ ఉంది. తర్కశాస్త్రంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ మొదట పట్టుకునే తర్కసంగ్రహాన్ని పదిహేడో శతాబ్దంలో రాసిన అన్నంభట్టు కూడా ఆంధ్రుడే.

ముందుగా చల్లదనం అంటే ఏమిటో తేల్చుకోవాలి. నైయాయికులతో జతకట్టిన వైశేషికుల లెక్కలో స్పర్శ మూడు రకాలు: శీతం, ఉష్ణం, రెండూ కానిది. శీతస్పర్శ నీటి గుణం, ఉష్ణస్పర్శ తేజస్సు గుణం, రెండూ కానిది పృథివికీ వాయువుకూ చెందింది. అంటే చల్లదనం వేడికి లోటు మాత్రమే కాదు, దానికంటూ ఒక ఉనికి ఉన్న గుణం. నేటి భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. అయితే ఇంజిన్ విషయంలో ఆ తగాదాతో పని లేదు. అరవై డిగ్రీల ఇంజిన్‌ది వైశేషికుడి కొలతలోనూ ఉష్ణస్పర్శే. మరి దాన్ని చల్లనిది అనడం ఎలా? అక్కడ ఉన్నది శీతగుణం కాదు, ఒక అభావం. అభావం గురించి న్యాయవైశేషికాలు పెట్టిన షరతు గట్టిది: దేని అభావమో చెప్పకుండా అభావం అనకూడదు. ఆ దేన్నే ప్రతియోగి అంటారు. నేల మీద కుండ లేదన్నప్పుడు కుండ ప్రతియోగి. ఇంజిన్ చల్లగా ఉందన్నప్పుడు ప్రతియోగి ఏమిటో, కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వు అంచు మీద అంకెల్లో కొట్టి ఉంటుంది. 82 అనో 88 అనో. ఆ అంకె తెలియని మనిషి చల్లగా ఉందన్నా, వేడిగా ఉందన్నా, ఆ మాటకు ప్రతియోగి లేదు.

అభావాన్ని నాలుగుగా విడదీయడం కూడా మెకానిక్కు షెడ్డులో పనికొస్తుంది. తెల్లవారి స్టార్ట్ చేసిన ఇంజిన్ మొదటి ఐదు పది నిమిషాలు చల్లగా ఉండటం ప్రాగభావం. వేడి ఇంకా పుట్టలేదు, పుట్టగానే ఆ అభావం తీరిపోతుంది. అది లోపం కాదు. తోట నుంచి ప్యాకింగ్ షెడ్డుకు రెండు కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లు తిరిగే బండి రోజంతా ప్రాగభావంలోనే గడుపుతుంది. దానికి వాల్వు మార్చినా ఒరిగేదేమీ లేదు. వేడి వచ్చి మళ్లీ పోవడం ప్రధ్వంసాభావం. ఊళ్లో వేడి గేజి ముల్లు మధ్యకు చేరి, హైవే ఎక్కి ఎనభై వేగం అందుకోగానే కిందికి జారితే అది ఈ కోవలోది. ఎంత తిప్పినా మెట్టు ఎక్కకపోవడాన్ని అత్యంతాభావం అనడం కొంచెం సాగదీయడమే. మూడు కాలాల్లోనూ లేనిదాన్నే శాస్త్రం ఆ పేరుతో పిలుస్తుంది, ఇంజిన్‌కు మంచి రోజులు ఒకప్పుడు ఉండే ఉంటాయి. నాలుగోది అన్యోన్యాభావం, ఒకటి మరొకటి కాకపోవడం. కుండ బట్ట కాదు. అలాగే గేజి ముల్లు ఇంజిన్ వేడి కాదు. చల్లని ఇంజిన్ పేరుతో జరిగే పొరపాట్లలో సగం ఈ నాలుగోదాన్ని మరిచినందువల్లే వస్తాయి.

నూజివీడు ప్రాంతంలో ఈ లోపం ఇంత కాలం దాగి ఉండటానికి కారణం ఎండ. చలి దేశాల్లో ఇంజిన్ వేడెక్కకపోతే డ్రైవరుకు మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే కారులోపలి హీటర్ ఆ కూలెంట్ వేడితోనే పనిచేస్తుంది. ఆగిరిపల్లి దారిలో మే నెలలో హీటర్ పెట్టుకునే మనిషి ఉండడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయ నింపుకుని నూజివీడు, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట తోటల నుంచి నున్న మార్కెట్‌కు పోయే బొలెరో పికప్‌ల వాళ్లకు, టాటా ఏస్‌ల వాళ్లకు ఉన్న భయం ఒక్కటే, బండి హీటెక్కి దారిలో ఆగిపోతుందేమోనని. కాయ దారిలో ఆగితే మగ్గిపోతుంది, ధర పడిపోతుంది. ముల్లు కిందికి ఉంటే వాళ్లకు అది శుభవార్త.

మీమాంసకుల్లో భాట్టులు అభావాన్ని తెలిపే ప్రమాణానికి అనుపలబ్ధి అని పేరుపెట్టారు. కనపడకపోవడమే లేకపోవడానికి సాక్ష్యం. కానీ ప్రతి కనపడకపోవడమూ సాక్ష్యం కాదు. ఉండి ఉంటే తప్పక కనపడేది అన్న యోగ్యత ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనపడకపోతే కుండ లేదనవచ్చు, చీకటి గదిలో కనపడకపోతే అనకూడదు. బండి గురించి ఫిర్యాదేమీ లేదు, కనుక లోపమేమీ లేదు అన్న మాటను ఈ కొలతతో చూడాలి. హీటర్ వాడని చోట, మైలేజీ లెక్క రాసుకోని చోట, చాలా కొత్త కార్లలో ముల్లు తీసేసి నీలం లైటు ఒకటే మిగిల్చిన చోట, లోపం ఉన్నా కనపడే మార్గమే లేదు. ఆ నీలం లైటు ఇంజిన్ కొంత వేడెక్కగానే ఆరిపోతుంది. పూర్తి వేడికి చేరిందని అది చెప్పదు. కనుక నూజివీడులో ఫిర్యాదు లేకపోవడం చీకటి గదిలో కుండ కనపడకపోవడమే. యోగ్యత లేని అనుపలబ్ధి అది. ఎండలు మండే ఊళ్లో ఇంజిన్ చల్లదనాన్ని ఇంద్రియాలు పట్టించుకోవు కాబట్టి దాన్ని అనుమాన ప్రమాణంతోనే, అంటే హేతువు అనే గుర్తును బట్టి ఊహించడంతోనే, పట్టుకోవాలి.

అనుమానం నిలవాలంటే హేతువుకు మూడు లక్షణాలు ఉండాలని దిఙ్నాగుడు నిర్ణయించాడు. ఒకటి, విచారణలో ఉన్న వస్తువులో హేతువు ఉండాలి. రెండు, సాధించదలచిన ధర్మం ఉందని ముందే తెలిసిన సపక్షంలో అది కనపడాలి. మూడు, ఆ ధర్మం లేదని తెలిసిన విపక్షంలో అది ఎక్కడా ఉండకూడదు. హేతువు సపక్ష విపక్షాల్లో ఎలా ఉండవచ్చో తొమ్మిది గళ్ల చక్రంగా వేసి, అందులో రెండు గళ్లే సరైనవని, రెండు విరుద్ధమని, మిగిలిన ఐదూ ఏమీ తేల్చనివని చూపాడు. తొమ్మిదింటిలో ఐదు ఏమీ తేల్చనివి కావడం షెడ్డు అనుభవానికి దగ్గరగానే ఉంది. మొదటి రెండు లక్షణాలు చూసుకుని మూడోదాన్ని వదిలేయడం మనుషుల అలవాటు. నూజివీడు బజారులో కాయ పసుపు రంగు చూసి పండిందనుకునేవాళ్లు చేసేది అదే. పండిన బంగినపల్లి పసుపుగా ఉంటుందన్నది నిజం. కార్బైడు పెట్టిన పచ్చికాయ కూడా పసుపుగానే ఉంటుంది. విపక్షంలో హేతువు దొరికిపోయింది, ఇక రంగు దేన్నీ సాధించదు.

ఇంజిన్ విషయంలో జనం ముందుకు తెచ్చే హేతువులను ఈ మూడో లక్షణం ముందు నిలబెట్టి చూస్తే చాలావరకు రాలిపోతాయి. మైలేజీ తగ్గింది, కనుక థర్మోస్టాట్ పోయింది అంటారు. థర్మోస్టాట్ బాగున్న బండిలో కూడా టైర్లలో గాలి తగ్గినా, ఏసీ ఆపకుండా వాడినా, దగ్గర దగ్గర ప్రయాణాలే చేసినా మైలేజీ తగ్గుతుంది. రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది, అందుకే ఇంజిన్ చల్లబడుతోంది అంటారు. ఏసీ వేస్తే చాలా కార్లలో ఆ ఫ్యాను తిరగవలసిందే, మే నెలలో ఏసీ వేయని కారేది? పైగా ఇక్కడ కార్యకారణాల లెక్క కూడా తప్పుతుంది. థర్మోస్టాట్ సరిగ్గా మూసుకుంటే కూలెంట్ రేడియేటర్‌లోకి పోనే పోదు, ఫ్యాను ఎంత తిరిగినా ఇంజిన్‌ను మెట్టు కిందికి దించలేదు. ఫ్యాను రిలే అతుక్కుపోవడం బాగుచేయవలసిన లోపమే. చల్లదనానికి అది సహకారి కారణం అయితే కావచ్చు గానీ ముఖ్య కారణం వేరే ఉంటుంది.

అన్నింటికన్నా ప్రమాదకరమైన హేతువు గేజి ముల్లు. ముల్లు కిందికి ఉంది, కనుక ఇంజిన్ చల్లగా ఉంది అన్న అనుమానం చూడటానికి సహజంగా ఉంటుంది. దీని విపక్షం ఎక్కడంటే కూలెంట్ కారిపోయిన బండిలో. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే దాని వేడి చెబుతుంది. కూలెంట్ మట్టం పడిపోయి సెన్సార్ చుట్టూ గాలి మిగిలితే, సిలిండర్ హెడ్డు మాడిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు. చల్లగా ఉందన్న నిర్ణయానికి, కాలిపోతోందన్న నిజానికి ఒకే గుర్తు. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందన్న వ్యాప్తి తడి కట్టె ఉన్నప్పుడే నిలుస్తుందని, కాలిన ఇనుప ముద్దలో నిప్పున్నా పొగ లేదని తార్కికులు ఉపాధికి, అంటే వ్యాప్తిలో దాగిన షరతుకు, ఉదాహరణ చెబుతారు. సెన్సార్ మునిగి ఉండటం ఇక్కడ అలాంటి షరతు. నిర్వచనం అక్షరాలా పట్టుకునే పండితుడు ఇది ఉపాధి అనిపించుకోదని అభ్యంతరం చెప్పవచ్చు, ఆ అభ్యంతరంలో బలం ఉంది కూడా. ఏ పేరు పెట్టినా షరతును ముందు సరిచూడాలి. అందుకే చల్లని ఇంజిన్ పరీక్షలో మొదటి పని, ఇంజిన్ పూర్తిగా ఆరాక రేడియేటర్ మూత తీసి కూలెంట్ మట్టం చూడటం. వేడి మీద మూత తీస్తే పొంగి మొహం కాలుతుందన్నది నమ్మదగినవాడి మాటగా, ఆప్తవాక్యంగా తీసుకోవలసిన విషయం, పరీక్షించి తెలుసుకోవలసింది కాదు.

తర్కసంగ్రహం చెప్పే హేత్వాభాసాల్లో, అంటే దోషమున్న హేతువుల్లో, బాధితం ఒకటి. ఒక హేతువు చూపి సాధించబోయిన విషయాన్ని అంతకంటే బలమైన ప్రమాణం అప్పటికే కాదని తేల్చేస్తే ఆ హేతువు బాధితం. నిప్పు చల్లనిది, ఎందుకంటే అది ద్రవ్యం అన్నవాడి వాదాన్ని చర్మం ఒప్పుకోదు. బండి కంప్యూటర్‌కు స్కానర్ పెడితే కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలని చూపించే బండ్లు ఉంటాయి. నూజివీడులో డిసెంబరు తెల్లవారుజామున కూడా అటువంటి చలి ఊహకందదు. అక్కడ అనుమానం సాగదు, సెన్సార్ వైరు తెగిందనో ప్లగ్గు ఊడిందనో తెలుసుకుని వైరు వెతకాలి. సెన్సార్ నుంచి నమ్మదగిన కబురు రానప్పుడు కంప్యూటర్ ముందుజాగ్రత్తగా ఫ్యానును ఆగకుండా తిప్పడం కూడా చాలా బండ్లలో ఉంది, కనుక ఫ్యాను గోల అసలు కారణం ఇక్కడ దొరకవచ్చు. కొన్ని బండ్లలో గేజికి ఒక సెన్సార్, కంప్యూటర్‌కు మరొకటి ఉంటాయి. ముల్లు కిందికి, స్కానర్‌లో 90. ఇది సత్ప్రతిపక్షం, రెండు హేతువులు ఒకదాన్నొకటి అడ్డుకున్న స్థితి. మూడో ప్రమాణం వచ్చేదాకా దేన్నీ నమ్మకూడదు.

మూడో ప్రమాణాన్ని మాత్రం దేనితో నమ్మాలి? ఈ ప్రశ్నను అందరికన్నా పదునుగా అడిగినవాడు బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు. సంప్రదాయం ఆయన్ను శాతవాహన రాజుతోనూ కృష్ణా లోయలోని శ్రీపర్వతంతోనూ ముడిపెడుతుంది. వస్తువులను ప్రమాణాలు తేలుస్తాయి సరే, ప్రమాణాలను ఏవి తేలుస్తాయని విగ్రహవ్యావర్తనిలో ఆయన నిలదీశాడు. ఇంకో ప్రమాణం అంటే దానికి మరొకటి కావాలి, అంతు ఉండదు. తనకు తానే సాక్ష్యం అంటే మిగతావాటికి ఆ వెసులుబాటు ఎందుకు లేదో చెప్పాలి. సెన్సార్‌ను స్కానర్‌తో, స్కానర్‌ను లేజరు థర్మామీటర్‌తో, దాన్ని మరోదానితో సరిచూసుకుంటూ పోతే బండి షెడ్డు దాటదు.

న్యాయసూత్రాలు దీనికి ఇచ్చిన జవాబు తక్కెడ. తక్కెడ తూకానికి ప్రమాణం. దాని మీద సందేహం వస్తే, బరువు ముందే తెలిసిన బంగారాన్ని పెట్టి ఆ తక్కెడనే తూస్తారు. అప్పుడది ప్రమేయం. ఒకే వస్తువు ఒక సమయంలో కొలత, ఇంకో సమయంలో కొలవబడేది కావడంలో విరోధం లేదు. నున్న మార్కెట్‌లో కాటా మీద సందేహం వచ్చిన రైతు అడిగేది ఇదే, ముందు రాయి పెట్టి చూపించమని. సెన్సార్‌కు అటువంటి రాళ్లు రెండున్నాయి. రాత్రంతా నీడలో నిలిపిన బండిలో తెల్లవారి స్టార్ట్ చేయకముందు కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి, బయటి గాలి వేడి దాదాపు ఒకటే కావాలి. స్కానర్ మొదటి రెండు సెన్సార్ల అంకెలూ చూపిస్తుంది, వాటి మధ్య కొన్ని డిగ్రీలకు మించి తేడా ఉంటే బయటి గాలితో సరిపోని సెన్సార్ దోషి. రెండో రాయి మరిగే నీళ్లు. విప్పిన సెన్సార్‌ను మరిగే నీళ్లలో ఉంచి మీటరుతో ఓంలు కొలవాలి. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓంలు ఉండేది 90 దాటేసరికి రెండు మూడు వందలకు పడిపోతుంది. నాగార్జునుడు దీనితో సమాధానపడడు. నీళ్లు వంద దగ్గర మరుగుతాయని ఎలా తెలుసని అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే, తత్త్వంలో దానికి ఇంకా బతుకుంది. బండి బాగుచేయడానికి మాత్రం తక్కెడ జవాబు చాలు, ఎందుకంటే ఇక్కడ సందేహం వచ్చింది ఈ సెన్సార్ మీదనే తప్ప కొలతలన్నిటి మీదా కాదు.

కూలెంట్ నిండుగా ఉంది, సెన్సార్ నిజమే చెబుతోంది, అయినా వేడి మెట్టు ఎక్కడం లేదు. ఇప్పుడే అసలు అనుమానం మొదలవుతుంది. కార్యం చూసి కారణాన్ని ఊహించడాన్ని న్యాయసూత్రాలు శేషవత్ అన్నాయి. నది పొంగింది కనుక పైన వాన కురిసింది అన్నది సూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడి ఉదాహరణ. సూత్రాల్లోనే దీనికి ఎదురు ప్రశ్న ఉంది: కింద కట్ట అడ్డం పడినా నది పొంగుతుంది కదా? దానికి సమాధానం, ఉత్త పొంగును చూసి వాన అనకూడదు, ప్రవాహం వడి, నురగ, కొట్టుకొచ్చే ఆకులు, కట్టెలు, పండ్లు చూసి అనాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద విజయవాడ మీద పడ్డప్పుడు కూడా పైన కురిసిన వాన ఎంత, గండ్లు పడ్డ కట్టల పాలు ఎంత అన్నది నీటి మట్టం ఒక్కటీ చూసి తేల్చగలిగేది కాదు. గుర్తు ఎంత విశేషమైతే అనుమానం అంత గట్టిది.

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందనడానికి అటువంటి విశేషమైన గుర్తు రేడియేటర్ పై హోసు పైపులో దొరుకుతుంది. థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న డబ్బా ఉంటుంది. రాసిన అంకె దగ్గర మైనం కరిగి వ్యాకోచించి కవాటాన్ని తోస్తుంది. అప్పటిదాకా కూలెంట్ ఇంజిన్ లోపలే తిరుగుతుంది, పై పైపు చల్లగానే ఉంటుంది. తెరుచుకోగానే పైపు ఒక్కసారిగా వేడెక్కుతుంది. స్ప్రింగు విరిగినా, కవాటం అంచున తుప్పు పెళ్ల ఇరుక్కున్నా, అది మూసుకోదు. అప్పుడు పై పైపు మొదటి నిమిషం నుంచే ఇంజిన్‌తో పాటు మెల్లమెల్లగా వేడెక్కుతుంది. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో ఈ తుప్పు, సున్నపు పొర మామూలే.

ఈ గుర్తుకూ విపక్షాన్ని వెతకడం మానకూడదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది. అటువంటి వాటిలో థర్మోస్టాట్ ఏ లోపమూ లేకుండా ఉన్నా పై పైపు ముందే వేడెక్కవచ్చు. అక్కడ పట్టి చూడవలసింది కింది పైపును, రేడియేటర్ అడుగును. ఏ బండిలో వాల్వు ఎక్కడుందో తెలియకుండా పైపు పట్టుకుని తీర్పు చెప్పే మెకానిక్కు హేతువు మొదటి లక్షణం దగ్గరే తప్పాడు.

దీనికి తోడు దారి మీద చూసే అన్వయ వ్యతిరేకాలు ఉన్నాయి. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దారిలో బండి సాఫీగా పోతున్నప్పుడు రేడియేటర్‌కు గాలి బాగా కొట్టి వేడి పడిపోవడం, జంక్షన్‌లో లారీల వెనక ఆగినప్పుడు మళ్లీ పెరగడం. గాలి ఉంటే పడుతుంది, గాలి లేకపోతే పడదు. థర్మోస్టాట్ మూసుకునే బండిలో గాలికీ వేడికీ ఇంత సంబంధం ఉండదు. ఆగి ఉన్నప్పుడు కూడా వేడి ఎక్కకపోతే, ఫ్యాను ఆగకుండా తిరుగుతోందో, పాత డీజిలు బండ్లలో ఫ్యాను క్లచ్చి బిగుసుకుపోయిందో చూడాలి. అప్పుడు కూడా వాల్వు సంగతి మిగిలే ఉంటుంది. డీజిలు ఇంజిన్ ఖాళీగా ఐడిలింగ్‌లో ఉంటే వేడెక్కడానికి చాలాసేపు పడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. అది దాని స్వభావం.

శబ్దప్రమాణం, అంటే నమ్మదగిన మాట వల్ల తెలుసుకోవడం, ఇక్కడ రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి స్కానర్ చూపే కోడ్. పీ 0128 అంటే కూలెంట్ వేడి థర్మోస్టాట్ నియంత్రించవలసిన మెట్టుకు చేరలేదని. థర్మోస్టాట్ మార్చమని ఆ కోడ్ చెప్పదు. కార్యాన్ని చెప్పే వాక్యాన్ని కారణం చెప్పే వాక్యంగా చదువుకుని సామాను కొనేవాళ్లు విజయవాడ ఆటోనగర్ కౌంటర్ల దగ్గర రోజూ కనపడతారు. రెండోది మెకానిక్కు మాట. ఈ ఎండలకి వాల్వు ఎందుకండీ, పీకి పారేస్తే బండి హీటెక్కే గొడవే ఉండదు అన్నది తెలుగునాట షెడ్లలో పాతుకుపోయిన వాక్యం. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. చెప్పేవాడు మంచివాడైనంత మాత్రాన, పదిమంది అదే మాట చెప్పినంత మాత్రాన వాక్యం ప్రమాణం కాదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ రేడియేటర్ దారి తెరిచేటప్పుడు ఇంజిన్ లోపలి అడ్డదారిని మూస్తుంది కూడా. వాల్వు పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. ఖాళీ బండి చల్లగా నడుస్తుంది, కాయ నిండుగా వేసుకుని గట్టు ఎక్కేటప్పుడు హీటెక్కుతుంది. హీటెక్కకుండా ఉండటానికని చెప్పిన హేతువే హీటెక్కడాన్ని సాధించింది. దిఙ్నాగుడి చక్రంలో దీని గడి విరుద్ధం.

చివరికి వాల్వు మార్చారు, ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. పాత వాల్వే కారణమని ఇప్పుడు రుజువైనట్టేనా? కుండకు కారణాలు లెక్కపెట్టేటప్పుడు మట్టి మోసుకొచ్చిన గాడిదను తార్కికులు పక్కన పెట్టారు. అది ఆ కుండకు ముందే ఉంటుంది, అయినా కారణం కాదు, అన్యథాసిద్ధం. వాల్వు మార్చేటప్పుడు పాత కూలెంట్ తీసి కొత్తది పోస్తారు, పైపులు విప్పి బిగిస్తారు, లోపల చిక్కుకున్న గాలిని బయటికి వదులుతారు, సెన్సార్ ప్లగ్గు ఊడదీసి మళ్లీ పెడతారు. బాగుపడింది గాలి పోయినందుకో, వదులుగా ఉన్న ప్లగ్గు బిగిసినందుకో అయితే కొత్త వాల్వు ఈ కథలో గాడిదే. జ్ఞానపు ప్రామాణ్యం దాని వల్ల సాగిన పని ఫలించడంతో తెలుస్తుందని నైయాయికులు అంటారు. మీమాంసకులు జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణమని, తప్పని తేలేదాకా నమ్మవచ్చని అంటారు. ముల్లును నమ్మి బండి నడిపే డ్రైవరు మీమాంసకుడు, బిల్లు చెల్లించే ముందు నిలబడి అడిగే యజమాని నైయాయికుడు. అయితే ఫలం చూసి నమ్మమన్న నైయాయికుడి సూత్రం కూడా ఇక్కడ ఒంటరిగా చాలదు, ఎందుకంటే ఫలానికి ముందు జరిగిన పనులు నాలుగైదు ఉన్నాయి.

గాడిదను వేరుచేసే పరీక్ష సులువైనదే. తీసేసిన పాత వాల్వును గిన్నెలో నీళ్లు పోసి, అడుక్కు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాచాలి. చన్నీళ్లలో ఉన్నప్పుడే కవాటం తెరిచి కనిపిస్తే అది పోయినట్టే, లోపం అందులోనే ఉంది. మూసి ఉండి, అంచు మీద కొట్టిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలై, మరో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరిచి, చల్లారాక మళ్లీ బిగుతుగా మూసుకుంటే ఆ వాల్వులో దోషం లేదు. అప్పుడు దాన్నే మళ్లీ బిగించి, కూలెంట్ నింపి, గాలి వదిలి, అదే దారిలో అదే వేగంతో స్కానర్ చూస్తూ బండి నడిపితే, మిగిలిన కారణాల్లో ఏది నిలుస్తుందో తెలుస్తుంది.